పూలదుప్పటి

ఆ యేడు చేదు నారింజలు పది రోజులు ముందే పూశాయి. మార్చి సగం కూడా కాలేదు, మా వృద్ధాశ్రమం తోటలోని ఏడు చెట్లూ ఒక్క వారంలో తెల్లబడిపోయాయి. నబెల్ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ వాసన తగిలితే ఇంట్లో కాలు నిలవదు. పెళ్ళి పిలుపు వచ్చినట్టు దుప్పట్లు దులుపుకుంటారు, అటక మీంచి రాగి బట్టీ దింపి నిమ్మచెక్కతో తోముకుంటారు, పూలు కోసి పన్నీరు కాచుకుంటారు. మా దగ్గర కింది అంతస్తులో ఉన్న పదకొండు మందికి మాత్రం ఆ వాసన అద్దాల తలుపు సందులోంచి రావలసిందే. తోటలోకి తెరుచుకునే ఆ తలుపుకి తాళం పడి రెండేళ్ళయింది.

ఆ పదకొండు మందికీ మతిమరుపు జబ్బు. తోట చివర ఒక గేటుంది. వెనకింటి వాళ్ళ రాకపోకలకి అదే దారని దస్తావేజుల్లో రాసి ఉండటంతో దానికి తాళం వెయ్యడానికి లేదు. రెండేళ్ళ కిందట ఒక పెద్దాయన ఆ గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు కాలవలో దొరికాడు. గేటుకి వెయ్యలేని తాళం అప్పటినుంచీ మనుషులకి వేశారు.

నేను అక్కడ పగటి ఆయాని. ఆ పదకొండు మందిలో ఒకావిడ మా అత్తగారు దలెందా.

ఆవిడని అక్కడ పెట్టింది మేమే. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చీకటి ఉండగానే లేచి వీధిలోకి పోయేది. ఒకసారి కూరగాయల లారీ కింద పడబోయి తప్పించుకుంది. మా ఆయన రిధా బస్సు డ్రైవరు, నాలుగింటికే వెళ్ళిపోతాడు. నేనేమో ఎవరెవరి అత్తలకో గంజి తాగిస్తుంటే నా అత్త వీధుల్లో తిరిగేది. చివరికి నేను పనిచేసే చోటికే తీసుకొచ్చాం. "నీ కళ్ళముందే ఉంటుంది కదా" అన్నాడు రిధా. నిజమే, రోజుకి పన్నెండు గంటలు కళ్ళముందే ఉండేది, ఇంటికి వచ్చి కళ్ళు మూసుకున్నా పోయేది కాదు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ నన్ను రాగి బట్టీ దరిదాపులకి రానివ్వలేదు. పెళ్ళయిన మొదటి వసంతంలో నా అరచెయ్యి తిప్పి చూసి, "నీది వేడి చెయ్యే. నువ్వు ముట్టుకుంటే పూలు కమిలిపోతాయి. దుప్పటి కొస పట్టుకో, చాలు" అంది. ముప్ఫై వసంతాలు దుప్పటి కొసే పట్టుకున్నాను. అదేదో మెడల్ అయినట్టు వీధంతా చెప్పుకొచ్చింది, మా కోడలిది వేడి చెయ్యి అని. పక్కింట్లో పాలు విరిగినా నాకేసి చూసేవాళ్ళు. ఇప్పుడు ఆవిడకి నేనెవరో తెలియదు. కష్టమైన మాటైనా చెప్పుకోవాలి కదా, మొదట్లో నాకది కాస్త సుఖంగానే ఉండేది.

పూలు విచ్చిన వారంలో ఒకరోజు ఏడింటికి డ్యూటీకి వెళ్ళేసరికి ఆవిడ అద్దాల తలుపు దగ్గరే ఉంది. రెండు అరచేతులతో అద్దం మీద కొడుతోంది. గట్టిగా కూడా కాదు, నిద్రలో ఉన్నవాళ్ళని లేపుతున్నట్టు. చేతులు వాచి ఉన్నాయి.

"మూడింటి నించీ ఇదే వరస" అంది రాత్రి ఆయా, కోటు తొడుక్కుంటూ. "నిద్ర చుక్కలు వేశాను. పట్టలేదు. ఇంకో అయిదు వేశాను. నేనూ మనిషినే కదక్కా."

"అత్తయ్యా, చేతులు నొప్పెట్టడం లేదూ?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పుడా అమ్మాయ్ రావడం? ఎండ తగిలితే పూలు వాడిపోవూ? మీ మేస్త్రీ ఏడీ?"

పూలు కొయ్యడానికి కూలికి వచ్చినదాన్ననుకుంది. కూలివాళ్ళతో ఆవిడ ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడేది.

తెల్లవారుజామున వేసిన చుక్కలు మధ్యాహ్నానికి పట్టేవి. సరిగ్గా తిండి వేళకి తల వేలాడేసేది. నోట్లో చెంచా పెడితే మింగాలని తోచేది కాదు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రాత్రి తిరుగుడు తగ్గలేదు కాని పగటి నడక పోయింది. వారం రోజుల్లో రెండు కిలోలు తగ్గింది. నర్సు తూకం రాసుకుని, "ఈ నెలాఖరుకి ఇలాగే ఉంటే పైకి పంపించెయ్యాలి నజెత్" అంది నాతో. "నడవలేని మనిషిని కింద ఉంచలేం."

పై అంతస్తంటే మంచాలు. నేను అక్కడ చేరి పదమూడేళ్ళు. లిఫ్టులో పైకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కిందికి దిగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

డైరెక్టరు మొనీరా గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. కాలవలో దొరికిన పెద్దాయన కొడుక్కి ఫోను చేసింది ఆవిడే. ఆ యేడాదిలోనే ఆవిడ జుట్టు నెరిసింది.

"తలుపు తీయించండమ్మా. పొద్దున్న ఒక్క గంట తోటలో తిప్పుతాం."

"మీ అత్తగారినా, అందర్నీనా?"

"అందర్నీ."

"పదకొండు మంది వాళ్ళు. ఆయాలు నువ్వూ హయెతూ ఇద్దరు. హయెత్ ఒకర్ని బాత్రూముకి తీసుకెళ్తే మిగిలిన పదిమందికీ నువ్వొక్కదానివే. గేటు చూస్తావా, మనుషుల్ని చూస్తావా?"

ఆవిడ కాగితాల మీంచి తల ఎత్తలేదు. "నాకు మాత్రం ఆ వాసన రావట్లేదనుకున్నావా? మీ అత్తగారిని ఒక్కదాన్నీ తీసుకెళ్ళు. నీ టీ వేళలో. చెయ్యి మాత్రం వదలకు."

అలా మొదలైంది. మర్నాడు టీ మానేసి ఆవిడని తోటలోకి తీసుకెళ్ళాను. ఆవిడ చెట్టు కింద నిలబడి పైకి చూసి, చెయ్యి చాచి "దుప్పటి" అంది. చాకలి బండిలోంచి ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చిచ్చాను. వారం రోజులుగా చెంచా పట్టుకోలేని మనిషి దాన్ని ఒక్క విసురుతో పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. నాకు టైము అయిపోతోందని కంగారు. ఆవిడ చెయ్యి అందుకుందామని ఒక అడుగు వేశానో లేదో పిక్క మీద చెళ్ళుమని దెబ్బ పడింది.

"చెప్పులతోనా! ఏ ఊరిదానివే నువ్వు?"

రెండు సందుల అవతల పుట్టినదాన్ని. అయినా అడిగించుకోవలసిందే. పూలదుప్పటి తొక్కడమన్నది మా ఊళ్ళో లేదు. నడక వచ్చిన పిల్లకి మొదట నేర్పేది అదే. పూలకాలంలో సందులన్నీ దుప్పట్లే ఉంటాయి. పోస్టుమాను గోడ పట్టుకుని పోతాడు, తాగినవాడు కూడా చుట్టు తిరిగి వెళ్ళి అవతల పడతాడు. పదమూడేళ్ళుగా పొద్దుటినుంచి సాయంత్రం దాకా మనుషుల్ని ఎత్తి దించీ దించీ, నా కాలికి ఆ బుద్ధి కూడా పోయిందన్నమాట.

పిక్క రుద్దుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. తలుపు ఓరగా వదిలేశాను. షెద్లియా బయటికి వచ్చేసింది. ఆవిడకి పగలంతా నడవటమే పని. కారిడార్లో ఈ గోడ నుంచి ఆ గోడకి, చెప్పులు అరిగిపోయేలా నడుస్తుంది. ఇప్పుడు తిన్నగా గేటుకేసే వస్తోంది. గేటు తీసే ఉంది. నేను మా అత్తగారిని వదిలి వెళ్ళలేక, అరవనూ లేక నిలబడిపోయాను.

షెద్లియా దుప్పటి అంచు దాకా వచ్చింది. ఆగింది. కిందికి చూసింది. పక్కకి తిరిగి, అంచు వెంబడే చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చింది. అలా పది నిమిషాలు నడిచింది. గేటు ఎదురుగా కనబడుతూనే ఉంది. దాటలేదు.

మర్నాడు చాకలి బండిలోంచి ఆరు దుప్పట్లు తీసి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, చెట్ల కిందా గేటు ముందూ సందు లేకుండా పరిచాను. కొమ్మలు దులిపితే నాలుగు పూలు వాటి మీద రాలాయి. మొనీరా గారిని పిలిచి చూపించాను.

"గేటు నేను చూడక్కర్లేదమ్మా. ఇవి చూస్తాయి."

ఆవిడ ఏదో అనబోతూ అంచు దాకా వచ్చి, మడమ చెప్పులు విప్పేసింది. విప్పినట్టు తనకే తెలియలేదు. వట్టి కాళ్ళు చూసుకుని నవ్వింది. రెండేళ్ళలో ఆవిడ నవ్వడం అదే చూడటం.

"ఎనిమిదింటినించి పదకొండు దాకా" అంది.

ఇరవై రోజులు అలా గడిచాయి. పెద్ద అద్భుతాలేమీ జరగలేదు. ఎవరి మతీ తిరిగి రాలేదు. అందుకున్న కొమ్మల్లోంచి పూలు తుంపేవాళ్ళు తుంపారు, కుర్చీల్లో కునికేవాళ్ళు ఎండలో కునికారు. షెద్లియా అంచు వెంబడి నడిచింది. నాకూ హయెత్‌కీ పని రెట్టింపయింది, రాత్రి నడుం వాల్చితే లేచేదాన్ని కాదు. కాని మా అత్తగారు మధ్యాహ్నం రొట్టె నూనెలో ముంచుకుని తనంతట తనే తినేది. రాత్రి పడుకునేది. చుక్కలు సగం చేశారు. నర్సు తూకం చూసి పైకి పంపే మాట ఎత్తలేదు.

ఒక ఆదివారం రిధా వచ్చాడు. రెండు నెలలై అతను తల్లిని చూడటానికి రాలేదు. వచ్చిన ఆఖరిసారి ఆవిడ "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగింది. ఆ మాట మోసుకుని ఇంటికి వెళ్ళి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈసారి చంకలో రాగి బట్టీ పెట్టుకుని వచ్చాడు. మసి తుడిచిన చేతి గుర్తులు చొక్కా నిండా ఉన్నాయి.

మా అత్తగారు బట్టీని చూసింది, కొడుకుని చూడలేదు. "అక్కడ కాదు బాబూ, నీడలో పెట్టు. మంట సన్నగా ఉండాలి. పూలు మునిగేదాకా నీళ్ళు పొయ్యి, అంతకి మించితే పన్నీరు కాదు, పప్పుచారవుతుంది." అతను చెప్పినవన్నీ చేశాడు. మూతకీ కుండకీ మధ్య సందుని పిండి పూసిన గుడ్డపీలికతో తనే బిగించింది. పై మూతలో చన్నీళ్ళు పోసి, అవి వేడెక్కినప్పుడల్లా మార్చాలి. అది తెలుసుకోవడానికి చెయ్యి పెట్టి చూడాలి. ఆవిడ చుట్టూ చూసి నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది.

"నీ చెయ్యి చల్లగా ఉందమ్మాయ్. నువ్వు కూర్చో ఇక్కడ. రేపు కూడా రా."

"ముప్ఫై ఏళ్ళకి చల్లబడింది" అన్నాడు రిధా నవ్వు ఆపుకుంటూ.

నేనూ నవ్వాను. తర్వాత బాత్రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన మాట దొరికింది, దొరికింది మాత్రం నాకు కాదు. ఎవరో కూలిమనిషికి.

గొట్టం చివరినుంచి మొదటి చుక్క సీసాలో పడేసరికి పదకొండు మందీ చుట్టూ చేరారు. ఒక్కరు తప్ప. బెంచీ మీద కూర్చున్న బెల్గాసెమ్.

ఆయన వచ్చి నెల కాలేదు. దక్షిణాన ఎక్కడో ఫాస్ఫేటు గనుల్లో నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. కూతురు ఎంబార్కా ఇక్కడ బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది, ఆవిడే తెచ్చి చేర్పించింది. ఎవరి జోలికీ పోడు. రోజూ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, బూట్లు వేసుకుని కూర్చుంటాడు. రోజంతా ఒకటే ప్రశ్న.

"అమ్మా, షిఫ్టు బస్సు వచ్చిందా?"

"ఇంకా రాలేదు బాబాయ్."

"ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు."

"కొట్టెయ్యర్లే. నేను చెప్తాను."

ఆయన తల ఊపేవాడు. అంతే. ఆయన మాకు బెడద కాదు కాబట్టి ఆయన గురించి ఎవరం ఆలోచించలేదు.

ఇరవై ఒకటో రోజు రెండోసారి బట్టీ పెట్టాం. హయెత్ ఎవరినో బట్టలు మార్చడానికి లోపలికి తీసుకెళ్ళింది. మా అత్తగారు నా మణికట్టు పట్టుకుని ఉంది. "కదలకు, ఇప్పుడు నీళ్ళు మార్చాలి, నీ చెయ్యే ఉండాలి" అంటోంది. నా వీపు గేటు వైపుంది. తిరిగి చూడాలని ఒకటి రెండుసార్లు అనిపించింది. చూడలేదు. దుప్పట్లు ఉన్నాయి కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ చెయ్యి విడిపించుకోవాలని లేదు నాకు.

పదకొండింటికి లోపలికి తీసుకెళ్తూ లెక్క పెడితే పదిమందే తేలారు. బెల్గాసెమ్ బెంచీ ఖాళీగా ఉంది.

గేటు ముందు దుప్పటి మీద బూటు గుర్తులున్నాయి. ఈ అంచు దగ్గర పూలు నలిగి ముద్దయ్యాయి. కుడికాలు రెండుసార్లు, ఎడమకాలు రెండుసార్లు, మట్టి పోయేలా రుద్దిన మరకలు. ఆ తర్వాత నాలుగు శుభ్రమైన అడుగులు, గేటు దాకా. పరిగెత్తిన అడుగులు కావు. ఆయన అలా ఎందుకు చేశాడో ఆ మరకలు చూస్తే నాకు అంతుపట్టలేదు.

ఊరంతా వెతికాం. రిధాకి ఫోను చేస్తే అతను డ్రైవర్లందరికీ చెప్పాడు. సాయంత్రం నాలుగింటికి బస్‌స్టాండు నుంచి కబురొచ్చింది. గుండీలు మెడదాకా పెట్టుకున్న ముసలాయన ఒకాయన ఆగిన ప్రతి బస్సూ ఎక్కబోతున్నాడట, "షిఫ్టుకి టైమైంది" అంటూ. ఒక బస్సు మెట్టు మీంచి జారాడు. తుంటి ఎముక విరిగింది.

మర్నాడు ఆసుపత్రికి మొనీరా గారూ నేనూ వెళ్ళాం. వరండాలో ఎంబార్కా ఫ్యాక్టరీ ఏప్రనుతోనే నిలబడి ఉంది. ఆవిడ ఏమన్నా పడాలని మనసులో అనుకునే వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. దుప్పట్ల సంగతి కూడా చెప్పాను, మా ఊళ్ళో ఎవరూ తొక్కరనీ, అందుకే ధీమాగా ఉన్నామనీ. ఆవిడ మధ్యలో ఆపలేదు.

"కాళ్ళు తుడుచుకున్నాడా?" అని అడిగింది.

"ఆఁ. రెండేసి సార్లు."

"మా వైపు గుమ్మం ముందు గుడ్డ పరిస్తే కాళ్ళు తుడుచుకోమని అక్కా. గని ధూళి ఇంట్లోకి రాకుండా. అమ్మ పరిచేది. తుడుచుకోకుండా దాటితే నాన్నకి కూడా తిట్లే." ఆవిడ గోడకి ఆనుకుంది. "ఇన్ని మర్చిపోయాడు. నా పేరు మర్చిపోయాడు. అది మర్చిపోలేదు."

మొనీరా గారు మెల్లగా, "ఫిర్యాదు రాసే హక్కు మీకుందమ్మా" అంది.

"రాసి? ఆయన్ని ఎక్కడ పెట్టుకోను? మీరే మళ్ళీ తీసుకోవాలి." ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

బెల్గాసెమ్ ఆసుపత్రి నుంచి తిన్నగా పై అంతస్తుకే వచ్చాడు. అద్దాల తలుపుకి మళ్ళీ తాళం పడింది. తాళంచెవి మొనీరా గారి సొరుగులోకి పోయింది. ఆవిడని ఏమనగలను? వెళ్ళి వెళ్ళి నేను కాపలా పెట్టింది గుడ్డముక్కల్ని. ఊరి మర్యాద లోకమంతటికీ తెలుసనుకున్నాను. పూలు మాత్రం ఇంకా విచ్చుకుంటూనే ఉన్నాయి, ఎవరూ కొయ్యక రాలుతున్నాయి.

రెండోరోజుకే మా అత్తగారు మళ్ళీ అద్దం దగ్గరికి చేరింది. మళ్ళీ అరచేతులు వాచాయి, చుక్కలు పెంచారు. వారం తిరక్కుండా తల వేలాడటం మొదలైంది. "గురువారం పైకి మార్చేద్దాం" అంది నర్సు. నేను ఇంటికి వెళ్ళి చెప్తే రిధా బట్టీని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

సోమవారం పొద్దున్న నేను చేసిన పని ఇప్పటికీ నన్ను వదల్లేదు. అద్దం మీద ఆ చప్పుడు విని విని తల పగిలిపోతోంది. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, చాకలి బండిలోంచి తెల్లదుప్పటి తీసి, అద్దాల తలుపు ముందు, లోపలి వైపు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచాను. ఆవిడ లేచింది. అంచు దాకా వచ్చి ఆగిపోయింది. అద్దం చేతికి అందలేదు. వెనక్కి వెళ్ళి కూర్చుంది.

చప్పుడు ఆగిపోయింది. మంగళవారం కూడా లేదు. మిగిలినవాళ్ళూ తలుపు జోలికి పోలేదు. నర్సు సంతోషించింది. మొనీరా గారు వచ్చి చూసి, "మంచి ఉపాయం నజెత్. ముందే తోచాల్సింది" అని, నమ్మకం కొద్దీ తాళంచెవి మళ్ళీ మా ఆయాల గదిలో మేకుకి తగిలించమని ఇచ్చింది. నేను దాన్ని జేబులో వేసుకుని మర్చిపోయాను.

బుధవారం మధ్యాహ్నం బాత్రూములు కడిగి అటుగా వస్తున్నాను. ఆవిడ దుప్పటి అంచున కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పొందిగ్గా పెట్టుకుంది. కళ్ళు తెల్లటి గుడ్డ మీదే ఉన్నాయి. అలా మూడు రోజులుగా కూర్చుంటోందని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"అమ్మాయ్" అంది. "ఈ యేడు చెట్లు పూయలేదా?"

అద్దం అవతల ఏడు చెట్ల కిందా పూలు రాలి గోధుమరంగుకి తిరుగుతున్నాయి. పువ్వు నలక్కూడదని తాతలనాటి నుంచి నేర్చుకున్న మర్యాదని నేను తెచ్చి ఈవిడ కాళ్ళకి కట్టాను. కట్టి, నిశ్శబ్దంగా ఉందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. చచ్చేంత సిగ్గేసింది.

నేను చెప్పులు విప్పలేదు. తడి చెప్పులతోనే దుప్పటి మీద అడుగు వేశాను. నల్లటి గుర్తు పడింది. రెండో అడుగు వెయ్యకముందే వీపు మీద దబ్బున పడింది దెబ్బ. కుర్చీలోంచి లేచి మరీ కొట్టింది. అంత బలం ఉన్న మనిషిని తెల్లవారితే మంచానికి పంపబోతున్నాం.

"కొట్టండి అత్తయ్యా" అన్నాను. వంగి దుప్పటి ఎత్తి గుండెలకి పోగు చేసుకున్నాను. ఖాళీ నేల కనబడింది. తాళంచెవి జేబులోంచి తీశాను.

"నజెత్." కారిడార్ చివర మొనీరా గారు నిలబడి ఉంది.

"ఒక్కరినే తీసుకెళ్తున్నానమ్మా. చెయ్యి వదలను."

"తర్వాత?"

"తర్వాత ఇంకొకర్ని."

"నీకున్నవి రెండు చేతులు. ఎంతమందికి సరిపోతాయి?"

"సరిపోవు."

ఆవిడ నడిచి వచ్చింది. నేను తాళంచెవి ఇవ్వబోయాను. తీసుకోలేదు. మేము బయటికి వెళ్ళాక తలుపుకి అడ్డంగా, మిగిలినవాళ్ళకి ముందు తనే నిలబడింది.

ఆ వసంతంలో మిగిలిన రోజులు అలాగే నడిచాయి. ఒక్కొక్కరికి పావుగంట, చెయ్యి పట్టుకుని. ఎవరికీ చాలేది కాదు, నా భుజాలు మాత్రం చాలించమనేవి. గురువారం మా అత్తగారు లిఫ్టు ఎక్కలేదు. ఆ తర్వాతి వారం బెల్గాసెమ్‌ని చక్రాల కుర్చీలో కిందికి దింపాను. ఆ లిఫ్టులో కిందికి దిగిన మొదటి మనిషి ఆయనే. రిధా సెలవురోజుల్లో వచ్చి ఆ కుర్చీ తోసేవాడు. డ్రైవరు టోపీ చూసి ఆయన "బస్సు వచ్చిందా?" అంటే, "వచ్చింది బాబాయ్, కూర్చో" అనేవాడు. తర్వాతి పూలకాలానికి మా అత్తగారు లేదు.

కాని నేను చెప్పదలచుకున్నది ఆ బుధవారం సంగతి. తోటలో ఆవిడ మొదటి చెట్టు కింద ఆగింది. నా చంకలో ఆ దుప్పటి ఇంకా అలాగే ఉంది. రాలిన పూలని కాలి వేలితో కదిపి చూసింది. పై కొమ్మల్లో ఇంకా కొన్ని తెల్లగా ఉన్నాయి.

"ఇంత ఆలస్యం ఎవరు చేశారు?"

"నేనే అత్తయ్యా."

నా చేతిలో ఉన్న తన చేతిని విడిపించుకుని, నా అరచెయ్యి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మొహంలోకి చూసి, విసుగ్గా పెదవి విరిచింది.

"నీది వేడి చెయ్యే. ఎన్నిసార్లు చెప్పాలే నీకు? పూలు ముట్టుకోకు. దుప్పటి కొస పట్టుకో."

నేను చెప్పులు విప్పి, దుప్పటి కొస పట్టుకున్నాను.